పికప్ బండి: క్వింటాకి ఎంత అని అడుగుదాం

ఈ మధ్య మన గ్రామ సమావేశాల్లో గిట్టుబాటు ధర, యూరియా, పంట నష్టపరిహారం తరువాత ఎక్కువగా వస్తున్న మాట బండి గురించి. కిరాయిలు పెరిగాయి. కూరగాయలు విశాఖ చేర్చేసరికి అమ్మకం డబ్బులో పెద్ద భాగం బండికే పోతోందని రైతులు చెబుతున్నారు. చదువుకున్న కుర్రాళ్ళు ఫైనాన్సు మీద పికప్ తీసుకుందామని చూస్తున్నారు. డీజిల్ బండి తీసుకోమని ఒకరు, గ్యాసు బండి తీసుకోమని ఒకరు, కరెంటు బండి తీసుకోమని ఇంకొకరు సలహా ఇస్తున్నారు. "రెండేళ్ళు ఆగండి, హైబ్రిడ్ పికప్పులు వస్తాయి, మైలేజీ ఇరగదీస్తాయి" అనేవాళ్ళూ ఉన్నారు. చివరికి అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "మైలేజీ ఎంత ఇస్తాది?"

రైతుకి ఆ ప్రశ్న చాలదు. కారు కొనుక్కునే ఉద్యోగికి లీటరుకి ఎన్ని కిలోమీటర్లో తెలిస్తే సరిపోతుంది. అతను మోసేది తన కుటుంబాన్ని. మనం మోసేది సరుకు. పొలం గట్టు మీది క్వింటా సరుకు బజారు చేరడానికి ఎంత ఖర్చయిందో అదే మన లెక్క. ఆ లెక్క వేస్తే కాగితం మీద ఎక్కువ మైలేజీ ఉన్న బండి ఒక్కోసారి నష్టం తెస్తుంది. పొదుపుకీ, లాగే బలానికీ మధ్య ఎప్పుడూ ఒక బేరం ఉంటుంది. ఆ బేరం తెలుసుకోకుండా అప్పు కాగితాల మీద సంతకం పెట్టొద్దని చెప్పడానికే ఈ నెల సంపాదకీయం.

ముందు క్వింటా లెక్క

భోగాపురం నుంచి విశాఖ రైతు బజార్లకి జాతీయ రహదారి మీద సుమారు 45 కిలోమీటర్లు. రానూ పోనూ 90. 1999లో రైతు బజార్లు మొదలైనప్పుడు గంపలతో ఆర్టీసీ బస్సు ఎక్కి వెళ్ళిన వాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజన్, 16 హార్స్‌పవర్. ఆటో చాలని చోట, లారీ ఎక్కువైన చోట అది సరిగ్గా సరిపోయింది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. బరువు మోతకి మహీంద్రా బొలెరో పికప్ ఉంది. ఇప్పుడు మన ఊళ్ళలో తిరిగే సరుకు బండ్లు చాలావరకు ఇవే.

రెండు బండ్లు తీసుకుని లెక్క వేద్దాం. డీజిల్ లీటరు 97 రూపాయలు అనుకుందాం. మొదటిది చిన్న బండి. ఏడున్నర క్వింటాలు మోస్తుంది, లీటరుకి 18 కిలోమీటర్లు ఇస్తుంది అనుకోండి. రెండోది పెద్ద పికప్. 13 క్వింటాలు మోస్తుంది, లీటరుకి 12 కిలోమీటర్లే ఇస్తుంది అనుకోండి.

చిన్న బండికి 90 కిలోమీటర్లకి 5 లీటర్లు, అంటే 485 రూపాయలు. పూర్తి మోత మీద క్వింటాకి 65 రూపాయలు పడుతుంది. పెద్ద బండికి ఏడున్నర లీటర్లు, 728 రూపాయలు. పూర్తి మోత మీద క్వింటాకి 56 రూపాయలే. తక్కువ మైలేజీ ఇచ్చే బండి క్వింటాకి 9 రూపాయలు ఆదా చేసింది.

ఇప్పుడు అదే రెండు బండ్లలో ఐదు క్వింటాల వంకాయలే వేద్దాం. చిన్న బండికి క్వింటాకి 97 రూపాయలు. పెద్ద బండికి 145 రూపాయలు దాటింది. బండ్లు మారలేదు, దారి మారలేదు, మోత ఒక్కటే మారింది. లెక్క తల్లకిందులయింది.

అందుకే "ఏ బండి మంచిది" అని అడిగితే సంఘం ఒక బండి పేరు చెప్పలేదు. మీ మోత ఎంత, ఏడాదిలో ఎన్ని రోజులు, ఏ దారి? ఈ మూడూ చెప్తేనే జవాబు వస్తుంది.

హైబ్రిడ్ అంటే ఏమిటి

పేరు చాలామంది నోట వినబడుతోంది కాబట్టి ముందు అర్థం తేల్చుకుందాం. పెట్రోలు, గ్యాసు రెండూ పోసుకునే బండి హైబ్రిడ్ కాదు. దానిని బై-ఫ్యూయల్ అంటారు. ఆగినప్పుడు ఇంజన్ దానంతట అదే ఆగి, క్లచ్ తొక్కగానే స్టార్టయ్యే ఏర్పాటుకి "మైక్రో హైబ్రిడ్" అని పేరు పెట్టి అమ్మడం మనం స్కార్పియో రోజుల్లోనే చూశాం. అదీ అసలైన హైబ్రిడ్ కాదు.

అసలైన హైబ్రిడ్‌లో ఒక ఇంజన్, ఒక కరెంటు మోటారు, ఒక చిన్న బ్యాటరీ ఉంటాయి. మామూలు బండిలో బ్రేకు తొక్కితే బండి వేగం వేడిగా మారి వృథా పోతుంది. హైబ్రిడ్‌లో ఆ సమయంలో మోటారు డైనమోలా తిరిగి బ్యాటరీని నింపుతుంది. మళ్ళీ బయలుదేరేటప్పుడు ఆ కరెంటే బండిని తోస్తుంది. బండి బయలుదేరేటప్పుడే ఇంజన్ ఎక్కువ ఇంధనం తాగుతుంది కాబట్టి ఆదా అక్కడ వస్తుంది. దీనిని బట్టి ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ఆగుతూ, కదులుతూ వెళ్ళే బండికే హైబ్రిడ్ లాభం. ఒకే వేగంతో పోయే బండికి బ్రేకు లేదు, బ్రేకు లేనిచోట దాచుకునే కరెంటూ లేదు.

హైబ్రిడ్ పికప్పులు ఎక్కువగా అమ్ముడవుతున్నది అమెరికాలో. అక్కడి లెక్కలు చూస్తే బేరం స్పష్టంగా కనబడుతుంది. ఫోర్డ్ కంపెనీ మావెరిక్ అనే చిన్న పికప్పుని 2022 మోడల్‌గా రెండు రకాల్లో తెచ్చింది. హైబ్రిడ్ రకానికి 191 హార్స్‌పవర్, మామూలు టర్బో పెట్రోల్ రకానికి 250. అక్కడి ప్రభుత్వ పరీక్షలో హైబ్రిడ్ ఊళ్ళో గాలన్‌కి 42 మైళ్ళు ఇచ్చింది, మన లెక్కలో లీటరుకి దాదాపు 18 కిలోమీటర్లు. టర్బో రకం ఊళ్ళో 23 మైళ్ళు, అంటే లీటరుకి 10 కిలోమీటర్ల లోపు. తేడా ఇంచుమించు రెట్టింపు. హైవే మీద చూడండి. హైబ్రిడ్‌కి 33 మైళ్ళు, టర్బోకి 30. కిలోమీటర్లలో 14 ఒకటి, 12.8 ఒకటి. తేడా ఒక్క కిలోమీటరు పైచిలుకు.

బలం సంగతి కూడా చూడాలి. వెనక ట్రాలీ తగిలించుకుని లాగడంలో ఆ 2022 మోడల్ హైబ్రిడ్ మావెరిక్ హద్దు 2,000 పౌండ్లు, అంటే 900 కిలోల పైచిలుకు. టర్బో రకానికి తగిన సామగ్రి వేయించుకుంటే 4,000 పౌండ్లు. ఊళ్ళో ఇంధనం సగం చేసుకున్న బండి లాగుడు కూడా సగం చేసుకుంది.

దీనికి ఎదురుగా టొయోటా టండ్రా ఉంది. అందులో హైబ్రిడ్ మోటారు పెట్టింది బలం కోసం. మామూలు టండ్రాకి 389 హార్స్‌పవర్, హైబ్రిడ్ టండ్రాకి 437. మైలేజీ పెరిగింది కొద్దిగానే. ఒక కంపెనీ హైబ్రిడ్‌ని పొదుపు వైపు తిప్పింది, ఇంకొకటి లాగుడు వైపు తిప్పింది. రెండూ ఒకే బండిలో పూర్తిగా దొరకలేదు. రేపు మన షోరూములోకి హైబ్రిడ్ పికప్ వచ్చినా అడగవలసిన మొదటి మాట ఇదే: ఈ మోటారుని పొదుపుకి పెట్టారా, లాగుడుకి పెట్టారా?

అక్కడి బండ్లలో మనకి పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్ పికప్పుకి వెనక ప్లగ్గులుంటాయి. 7.2 కిలోవాట్ల దాకా కరెంటు తీసుకోవచ్చు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు పడి కరెంటు పోయినప్పుడు ఆ బండ్లతో ఇళ్ళలో దీపాలు, హీటర్లు నడుపుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక మన ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తాగునీటి మోటారు తిప్పడానికి ఊరికి ఒక్క జనరేటరు దొరకని రోజులవి. బండి బ్యాటరీని ఆ కళ్ళతో కూడా చూడాలి.

మన దారి మీద హైబ్రిడ్ ఎంత మిగులుస్తుంది

మన కూరగాయల బండి తెల్లవారుజామున మూడింటికి బయలుదేరుతుంది. తగరపువలస, ఆనందపురం, మధురవాడ మీదుగా పోతుంది. ఆ వేళ రోడ్డు ఖాళీ. బండి ఒకే వేగంతో వెళ్ళిపోతుంది, బ్రేకు మీద కాలు పడేది తక్కువ. పగలు తొమ్మిది, పది గంటలకి హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకునేది తిరుగు ప్రయాణంలో. అప్పుడు బండి ఖాళీ. అంటే హైబ్రిడ్‌కి లాభం వచ్చే చోట మనకి మోత లేదు, మోత ఉన్న చోట హైబ్రిడ్‌కి పని లేదు. నగరంలో ఇంటింటికీ సరుకు పంచే కంపెనీకి హైబ్రిడ్ బాగా కలిసొస్తుంది. మన రాత్రి ప్రయాణానికి అంత కలిసిరాదు.

ఘాట్ దారి లెక్క వేరు. ఎస్.కోట నుంచి అరకు ఎక్కే బండి సంగతి చూద్దాం. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఒక టన్ను బరువుని అంత ఎత్తుకి చేర్చడానికి దాదాపు రెండున్నర యూనిట్ల శక్తి కావాలి. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటే చక్రం దాకా వచ్చేది మూడు యూనిట్ల చుట్టూ. ఆ లెక్కన టన్నుకి ముప్పావు లీటరు పైగా డీజిల్ ఎత్తు ఎక్కడానికే పోతుంది. దూరం లెక్క దాని మీద అదనం. బండి, మోత కలిపి మూడు టన్నులైతే ఎక్కుడు ఖర్చే రెండున్నర లీటర్ల దాకా ఉంటుంది. అక్కడ బలం లేని బండి మొదటి గేరులో మూలుగుతూ ఇంకా ఎక్కువ తాగుతుంది. మైలేజీ కోసం చిన్న ఇంజన్ కొన్నవాళ్ళు ఘాట్‌లో అటు మైలేజీ, ఇటు ఇంజన్ రెండూ పోగొట్టుకుంటారు.

దిగేటప్పుడు ఎక్కిన శక్తి అంతా డీజిల్ బండిలో బ్రేకుల్లో కాలిపోతుంది. హైబ్రిడ్ దాన్ని పట్టుకోవాలి. కానీ మావెరిక్ లాంటి హైబ్రిడ్‌లో బ్యాటరీ ఒక యూనిట్ పైచిలుకు మాత్రమే. నాలుగు మలుపులు దిగేసరికి అది నిండిపోతుంది, మిగిలింది మళ్ళీ బ్రేకుల పాలే. పూర్తి కరెంటు బండికి ఆ ఇబ్బంది లేదు, దాని బ్యాటరీ పెద్దది. స్విట్జర్లాండ్‌లో ఒక సిమెంటు గనిలో భారీ కరెంటు డంపరు నడుస్తోంది. ఖాళీగా కొండ ఎక్కుతుంది, రాయి నింపుకుని దిగుతుంది. నిండు మోతతో దిగేటప్పుడు వచ్చే కరెంటే దాన్ని మళ్ళీ పైకి ఎక్కిస్తుంది. మన ఏజెన్సీ నుంచి కూరగాయలు, అల్లం, పసుపు, కాఫీ కిందికి దిగుతాయి. చాలా బండ్లు పైకి తక్కువ మోతతో పోతాయి. కరెంటు పికప్పుకి మన ప్రాంతంలో ఇంతకంటే అనువైన దారి ఇంకొకటి లేదు. ఐటీడీఏ, గిరిజన సహకార సంస్థ ఈ దిశలో ఆలోచించాలి.

ఒకే బండి, మూడు ఇంధనాలు

ఇప్పుడు మన షోరూముల సంగతి. సరుకు మోసే చిన్న పికప్పుల్లో అసలైన హైబ్రిడ్ మనకి కనబడదు. ఉన్న ఎంపిక పెట్రోలు, డీజిల్, గ్యాసు, కరెంటు. 2025 జూన్‌లో వచ్చిన టాటా ఏస్ ప్రో ఈ బేరాన్ని చక్కగా చూపిస్తుంది. బండి ఒకటే, మోత 750 కిలోలు ఒకటే, ఇంధనాలు మూడు.

పెట్రోలు బండికి 30 హార్స్‌పవర్. విడుదలప్పటి ధర 3.99 లక్షలు. గ్యాసు, పెట్రోలు రెండూ పట్టే బండి ధర 4.99 లక్షలు. గ్యాసు మీద నడిచేటప్పుడు దాని బలం 26 హార్స్‌పవర్‌కి పడిపోతుంది. కరెంటు బండికి 38 హార్స్‌పవర్, ధర 6.50 లక్షలు. కదిలేటప్పుడు లాగే బలం పెట్రోలు బండికి 55 న్యూటన్ మీటర్లయితే కరెంటు బండికి 104. ఇంచుమించు రెట్టింపు. కరెంటు బండి బరువు లాగలేదన్న మాట తప్పు. దాని లోటు లాగుడులో లేదు, దూరంలో ఉంది. 14.4 యూనిట్ల బ్యాటరీతో 155 కిలోమీటర్లు వెళ్తుందని కంపెనీ చెప్పింది. మోత, ఎండ, ఎదురుగాలి, బ్యాటరీ వయసు లెక్కలోకి తీసుకుని 100 కిలోమీటర్లకే ప్రయాణం వేసుకోవడం క్షేమం. విశాఖ వెళ్ళి రావడానికి సరిపోతుంది. రాయగడ వెళ్ళడానికి సరిపోదు.

గ్యాసు చౌకే. అయితే బలం పదోవంతుకి పైగా తగ్గుతుంది, సిలిండరు బరువు బండి ఎప్పుడూ మోయాలి, బంకు దారిలో ఉండాలి. రహదారి పక్క ఊళ్ళకి పరవాలేదు. లోపలి ఊళ్ళ వాళ్ళు గ్యాసు కోసం ఇరవై కిలోమీటర్లు తిరిగితే చౌక అక్కడే ఆవిరైపోతుంది.

తిరగని బండికి ఆదా లేదు

పెట్రోలు ఏస్ ప్రోకీ, కరెంటు దానికీ విడుదల ధరలో తేడా రెండున్నర లక్షలు. ఆ తేడా ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది? పెట్రోలు లీటరు 109 రూపాయలు, మైలేజీ 18 అనుకుందాం. కరెంటు యూనిట్ 7 రూపాయలు, నిండు ఛార్జికి 100 కిలోమీటర్లు, ఛార్జింగ్‌లో పోయే నష్టం కలుపుకుందాం.

రోజూ 90 కిలోమీటర్లు, ఏడాదికి 250 రోజులు తిరిగే బండికి పెట్రోలు ఖర్చు 1,36,000 రూపాయల పైన. కరెంటు ఖర్చు 27,000 లోపు. ఏడాదికి దాదాపు లక్షా పదివేలు మిగులుతుంది. రెండేళ్ళ మూడు నెలల్లో తేడా తీరిపోతుంది.

మామిడి, కూరగాయల కాలంలో 60 రోజులే తిరిగే బండి సంగతి చూడండి. పెట్రోలుకి 32,700 రూపాయలు, కరెంటుకి 6,400. మిగిలేది 26,300. రెండున్నర లక్షలు తీరడానికి తొమ్మిదేళ్ళు దాటుతుంది. మధ్యలో అప్పు మీద వడ్డీ ఉండనే ఉంది.

ఇక్కడే చిన్న రైతు ఓడిపోతున్నాడు. పొదుపు యంత్రాలన్నీ, హైబ్రిడ్ గాని కరెంటు గాని, కొనేటప్పుడు ఎక్కువ తీసుకుని నడిచేటప్పుడు తిరిగిస్తాయి. ఎక్కువ నడిచేవాడికే ఆ తిరిగింపు. ఎకరమో, ఎకరంన్నరో ఉన్న రైతుకి బండి నిండే మోతా ఉండదు, ఏడాది పొడుగునా తిప్పే పనీ ఉండదు. ఒక్కడే కొంటే ఏ ఇంధనం కొన్నా నష్టమే. పొదుపు బండి లాభం అందుకోవాలంటే పదిమంది మోత ఒక బండి కిందికి రావాలి. ఇది సంఘటనగా ఉండమని ఎప్పుడూ చెప్పే నీతి మాట కాదు, పైన వేసిన లెక్క చెప్పిన మాట.

పన్ను, పథకం ఎవరి పక్షాన

బండి ఎంపిక రైతు చేతిలో సగమే ఉంది. మిగతా సగం ప్రభుత్వాల చేతిలో ఉంది. మన రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు వసూలు చేస్తున్నారు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి పోతే డీజిల్ చౌక. శ్రీకాకుళం సరిహద్దు లారీలకి ఆ సంగతి బాగా తెలుసు. వంకాయ రైతు అక్కడిదాకా వెళ్ళి పోయించుకోలేడు. రోడ్డు కోసం సెస్సు కట్టిన బండే నాతవలస గేటు దగ్గర మళ్ళీ టోలు కడుతోంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. మంచిదే. కరెంటు బండికి 5 శాతమే. అదీ మంచిదే. కానీ కేంద్రం 10,900 కోట్లతో తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం చూడండి. రెండు చక్రాల బండికి, మూడు చక్రాల ఆటోకి, అంబులెన్సుకి, బస్సుకి అందులో చోటిచ్చారు. మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన పెద్ద ట్రక్కుకీ చోటుంది. ఆటోకీ, ట్రక్కుకీ మధ్య ఉన్న నాలుగు చక్రాల చిన్న సరుకు బండికి చోటు లేదు. దేశంలో రైతు సరుకు మోసేది ఆ మధ్య బండే. రైతుని మరిచిపోయే పథకాలు ఎలా ఉంటాయో చూడాలంటే ఇదొక్కటి చాలు.

మైలేజీ అంకె సంగతి కూడా అడగాలి. కంపెనీ కాగితం మీది అంకె ప్రయోగశాలలో, రోలర్ల మీద, నిర్ణయించిన వేగాల పట్టిక ప్రకారం తీసినది. ఆ రోలర్ల మీద ఎస్.కోట ఘాట్ లేదు, వర్షాకాలం మా ఊరి మట్టి దారీ లేదు. సరుకు బండిని సరుకు మోతతో కొలిచి చెప్పాలి కదా?

మనం చేయవలసింది

ముందు మన చేతిలో ఉన్న పనులు. బండి ఉన్న ప్రతి సభ్యుడూ ఒక నోటు పుస్తకం పెట్టాలి. ట్యాంకు నిండుగా పోయించి కిలోమీటర్ల అంకె రాయాలి. తిరిగి నింపినప్పుడు పట్టిన లీటర్లతో నడిచిన కిలోమీటర్లని భాగించాలి. నిండు మోత మీద ఒకసారి, ఖాళీ మీద ఒకసారి చేయాలి. మూడు నెలలు రాస్తే ఏ డీలరూ చెప్పలేని లెక్క మన దగ్గర ఉంటుంది. ఆ పుస్తకాలు సంఘం కార్యాలయానికి తెస్తే బండి వారీగా, దారి వారీగా పట్టిక వేసి ఈ పత్రికలోనే అచ్చు వేస్తాం.

ఏ బండి అయినా పైసా పెట్టకుండా వచ్చే ఆదా కొంత ఉంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 80 అందుకుంటే గాలి అడ్డు 1.8 రెట్లవుతుంది. క్యాబిన్ ఎత్తు దాటి బస్తాలు పేర్చితే, పట్టా కట్టకుండా వదిలేస్తే అది ఇంకా పెరుగుతుంది. టైరులో గాలి తగ్గితే ఇంజన్ మీద బరువు పెరిగినట్టే. మోత హద్దు దాటించడం అన్నిటికంటే చెడ్డది. ఒక్క ట్రిప్పులో రెండు ట్రిప్పుల సరుకు వేస్తే డీజిల్ మిగిలినట్టు కనబడుతుంది. స్ప్రింగు పట్టీ, క్లచ్, టైరు, బ్రేకు ఆ డబ్బుని వెనక్కి లాగేసుకుంటాయి. పట్టుబడితే మోటారు వాహనాల చట్టం కింద జరిమానా 20,000 రూపాయల నుంచి మొదలవుతుంది, అదనపు టన్నుకి ఇంకో 2,000. బ్రేకు పడకపోతే పోయేది ప్రాణమే.

కొత్తగా కొనేవాళ్ళు ఒక్కొక్కరుగా అప్పు తీసుకునే ముందు ఊళ్ళో కూర్చోండి. ఎనిమిది, పది కుటుంబాలు ఏ రోజు ఎంత సరుకు పంపుతాయో కాగితం మీద రాయండి. రోజూ ఏడెనిమిది క్వింటాలు దాటకపోతే చిన్న బండి. రోజూ పన్నెండు, పదమూడు నిండుతుందంటే పెద్ద పికప్. ఏడాదంతా విశాఖ దారి మీదే తిరిగితే కరెంటు బండి లెక్క వేయండి. దూరపు సంతలు, ఒడిశా ప్రయాణాలు ఉంటే డీజిల్ మానొద్దు. హైబ్రిడ్ కోసం ఈ సీజను ఆపుకోవలసిన పని లేదు.

ప్రభుత్వాలని అడిగేవి ఐదు.

ఒకటి, సరుకు బండ్ల మైలేజీని ఖాళీ, సగం మోత, నిండు మోత మీద మూడు అంకెలుగా ప్రకటించాలని కేంద్రం నియమం పెట్టాలి.

రెండు, 3.5 టన్నుల లోపు సరుకు బండ్లకి కేంద్రం సాయం అందాలి. అందులో రైతు ఉత్పత్తిదారుల సంఘాలకి మొదటి వరస ఇవ్వాలి. 2020లో పదివేల సంఘాలు పెడతామని పథకం తెచ్చినవాళ్ళు ఆ సంఘాల సరుకు దేని మీద పోవాలో కూడా చూడాలి.

మూడు, రైతు బజార్లలో, మార్కెట్ యార్డుల్లో ఛార్జింగ్ ప్లగ్గులు పెట్టాలి. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మన బండి తెల్లవారి నాలుగు నుంచి పదింటి దాకా అక్కడ ఊరికే నిలబడి ఉంటుంది. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు ఐదు గంటల్లో 15 యూనిట్లు ఇస్తుంది. చిన్న బండి బ్యాటరీ నిండిపోతుంది. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, మార్కెటింగ్ శాఖ కలిసి కూర్చుంటే నెలలో అయ్యే పని.

నాలుగు, డీజిల్ మీద లీటరుకి 4 రూపాయల అదనపు వ్యాట్‌ని రాష్ట్రం ఎత్తివేయాలి. పెట్రోలు, డీజిల్ ధర పెరిగినప్పుడు కూరగాయల రేటు మనం పెంచుకోలేం. ఆ భారం ఎవరి మీదికీ తోయలేనివాడు రైతు ఒక్కడే.

ఐదు, మన మండలంలో విమానాశ్రయం కోసం 2,200 ఎకరాలు పైగా తీసుకున్నారు. ఇక్కడి నుంచి పూలు, మామిడి, రొయ్యలు విమానాల్లో పోతాయని వేదికల మీద చెప్పారు. పొలం నుంచి ఆ గేటు దాకా సరుకు మోసేది పికప్పే. భోగాపురం, పూసపాటిరేగ, డెంకాడ మండలాల్లో సరుకు చేర్చే కేంద్రాలు, వాటి దగ్గర ఛార్జింగ్, రైతు బృందాలకి వడ్డీ రాయితీ మీద బండ్లు ఇచ్చి ఆ మాట నిలబెట్టుకోవాలి.

వచ్చే నెల మండల సమావేశాల్లో ఈ ఐదు కోరికల మీద సంతకాలు తీసుకుంటాం. వచ్చేటప్పుడు సభ్యులు తమ బండి నోటు పుస్తకం, బండి లేనివాళ్ళు కిందటి సీజనులో కట్టిన కిరాయి చీటీలు తీసుకురావాలి. అధికారుల ముందు కూర్చున్నప్పుడు మన దగ్గర ఉండవలసింది ఆ అంకెలే.